పోలి తన్ను

మొదటి రోజు

ఈ చిట్టా రాయడం కూడా శిక్షణలో భాగమేనట. రోజూ రాయక్కర్లేదు, చెప్పుకోదగ్గది జరిగినప్పుడు రాస్తే చాలని తస్లీమా మేడమ్ అన్నారు. నాకు చెప్పుకోదగ్గది రోజూ జరుగుతుంది, అది వేరే సంగతి.

నా పేరు సూరాడ పోలమ్మ. సముద్రం అడుగున కట్టిన మా అడుగూరి నాచుతోటలో కోత మేస్త్రిని. నా జట్టులో తొమ్మిదిమంది ఉన్నారు. పదకొండేళ్ళుగా రోజూ సముద్రంలోకి దిగుతున్నాం, ఒక్కరికి గోరు కూడా ఊడలేదు. అందుకే ఇక్కడున్న నలభైమందిలో నన్ను ఎంచి, భద్రతా శిక్షణకి జోడు శిక్షకురాలిగా వేశారు. మేడమ్ పైనుంచి వచ్చిన అసలు శిక్షకురాలు. రాయలసీమ గనుల్లో ఇరవై ఏళ్ళు ఇదే పని చేశారు. ముప్పై నాలుగో రోజున పడవ వచ్చేదాకా ఉంటారు. ఆవిడ వెళ్ళేలోపు నేను నేర్చుకుంటే, ఇకపై ఈ శిక్షణ మా చేతుల్లోనే ఉంటుంది. నేర్చుకోకపోతే మళ్ళీ ఎవరో పైనుంచి వచ్చి, మా సముద్రం గురించి మాకే చెబుతారు.

నేను రెండు రోజుల్లో నేర్చేసుకుంటానని చెప్పాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

నాలుగో రోజు

జోడు అంటే ఇద్దరూ వంతులేసుకుని మాట్లాడటం అనుకున్నాను. కాదట. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు వినేవాళ్ళ ముఖాలు చూడాలి. ఎవరు నొసలు ముడిచారు, ఎవరు నవ్వు ఆపుకున్నారు, ఎవరు పక్కవాళ్ళ వైపు చూశారు. అది ఇంకా కష్టం. మేడమ్ మాట్లాడుతుంటే ఇవాళ పదకొండుసార్లు అడ్డం పడ్డానట. లెక్కపెట్టి మరీ చెప్పారు.

ఇంకొకటి. ప్రశ్న అడిగాక నోరు మూసుకుని పది లెక్కపెట్టాలి. ఎవరూ మాట్లాడకపోయినా సరే, జవాబు మనం చెప్పకూడదు. నేను నాలుగు దాకా వెళ్ళగలిగాను.

"నాలుగుకే చెప్పేస్తివి. నీకు తెలుసని వాళ్ళకు తెలుసు. వాళ్ళకేం తెలుసో నీకు తెలియల్ల కదా," అన్నారు మేడమ్.

"నాకు తెలుసండి మేడమ్. వాళ్ళందరికీ పని నేర్పింది నేనే."

ఆవిడ జవాబు చెప్పలేదు. లోపల పది లెక్కపెట్టుకుంటున్నారని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఏడో రోజు

ఇవాళ పరువు పోయింది.

పొద్దున్న దిగే ముందు అందరం తడిగది ముందు నిలబడతాం. నీళ్ళకీ మా ఇళ్ళకీ మధ్య ఉండే గది అది. పని నుంచి తిరిగొచ్చేటప్పుడు బయటి తలుపు నెట్టి అందులోకి రావాలి, తలుపు మూయాలి, గదిలో నీళ్ళు తోడేశాకే లోపలి తలుపు తెరుచుకుంటుంది. అలాంటి తలుపులు అడుగూరికి మూడున్నాయి. తోటకి దగ్గరిది మూడోది.

అక్కడ నిలబడి మేడమ్ చక్కగా అడిగారు. "ఈరోజు పనిలో ఏం తప్పు జరగొచ్చు? ఎవరికి ఏ దెబ్బ తగలొచ్చు?"

నలభై నోళ్ళు, ఒక్కటీ తెరుచుకోలేదు. మేడమ్ పది లెక్కపెట్టారు. ఇరవై కూడా లెక్కపెట్టి ఉంటారు. చివరికి కారి అప్పన్న మావ శిరస్త్రాణం తీసి చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు. మాలో అందరికన్నా పెద్దవాడు, యాభై ఎనిమిదేళ్ళు.

"ఒలే పోలీ, దిగీటప్పుడు ఆ సెడ్డమాటలేటే? గంగమ్మ తల్లి ఇనదా? ఆ మేడమ్‌కి తెలీదు, నీకైనా తెలీదా?" అన్నాడు నాతో.

అందరూ దిగిపోయారు. అపాయాల పుస్తకంలో ఆ రోజు పేజీ ఖాళీ. వెనక్కి తిప్పి చూస్తే ఆరేళ్ళుగా ఖాళీయే. పైవాళ్ళు అది చూసి ఏటా మాకు మెచ్చుకోలు పత్రం పంపుతున్నారు. భోజనాల గదిలో వరసగా తగిలించి ఉన్నాయి, నేనే తుడుస్తాను వాటిని.

మేడమ్‌కి మా పద్ధతి చెప్పాను. నీళ్ళలో కాలు పెట్టబోతూ చెడు తలచుకోకూడదు. మా తాతలు తెప్పల మీద వేటకెళ్ళిన నాటి నుంచీ ఉన్న ఆచారం. ఆవిడ వెక్కిరిస్తారనుకున్నాను. వెక్కిరించలేదు.

"మా గనిలో కూడా లోపలికి పోయేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు. తాళంచెవి మర్చిపోయినా సరే, పిలవరు. ఆచారాన్ని తీసేయాలని చూడొద్దు పోలమ్మా. దాని పక్కన చోటుందేమో చూడల్ల."

నాకు చోటేమీ కనబడలేదు.

పద్నాలుగో రోజు

పడవ వచ్చింది. కొత్తవాళ్ళు పన్నెండుమంది దిగారు. అందులో మా ఆడపడుచు నీలవేణి ఉంది. మా ఆయన ఒక్కగానొక్క చెల్లెలు. పైన బడిలో వంట చేసేది. సెలవుకి వెళ్ళినప్పుడల్లా నేను అడుగూరి గొప్పలు చెప్పీ చెప్పీ దాన్ని ఇటు లాగాను. మా పాత ఊరు మునిగిపోయేనాటికి అది ఇంకా పుట్టలేదు. ఇందాక దాన్ని గాజు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, నాచు తాళ్ళు కట్టిన స్తంభాలు చూపించి, "అదే మన ఊరి నీళ్ళట్యాంకు" అంటే, చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

రేపటి నుంచి వాళ్ళని అలవాటు కోసం నీళ్ళలోకి దింపుతాం. నడిపేది నేను, ముఖాలు చూసేది మేడమ్. కొత్త చీర కట్టుకున్నంత సంబరంగా ఉంది.

పదహారో రోజు

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

మూడో తలుపు బయటి వైపు నుంచి తెరుచుకోదు. అంటే తెరుచుకుంటుంది, దానికో కిటుకుంది. ఎడమ చేత్తో పక్కనున్న కమ్మీ పట్టుకోవాలి, కుడిచేత్తో పిడి తిప్పి నెట్టాలి, అదే క్షణంలో తలుపు కింది మూల మడమతో ఒక్క తన్ను తన్నాలి. ఆరేళ్ళ కిందట దాన్ని కనిపెట్టింది నేను. ఇక్కడ అందరూ దాన్ని 'పోలి తన్ను' అంటారు. అడుగూరులో మనిషి పేరున్న పని అదొక్కటే. వచ్చిన ప్రతివాళ్ళకీ నేనే నేర్పాను. నోటితో చెప్పను, ఆ మాట అక్కడ అనకూడదు కదా. కాలితో చూపిస్తాను.

ఇవాళ కొత్తవాళ్ళకీ చూపించాను. నీలవేణి వంతు వచ్చింది. దానికి తోడుగా బయట అప్పన్న మావ ఉన్నాడు. నేను లోపలి గాజులోంచి చూస్తున్నాను. అది కమ్మీ పట్టుకుంది, పిడి తిప్పింది, తన్నింది. తలుపు కదల్లేదు. నీలవేణి పొట్టిది. కమ్మీ పట్టుకుంటే దాని మడమ మూలకి అందదు, కమ్మీ వదిలేస్తే తన్నిన ఊపుకి నీళ్ళలో అదే వెనక్కి పోతుంది. మూడుసార్లు అలాగే పోయింది. నాలుగోసారి మావ దాన్ని పక్కకి జరిపి తను తన్నాడు. ఒకటి, రెండు, మూడు... ఐదో తన్నుకి తెరుచుకుంది. నేను కనిపెట్టిన రోజుల్లో ఒక్క తన్ను సరిపోయేది.

శిరస్త్రాణంలో మాట్లాడే యంత్రానికి మావాళ్ళు బుల్లెమ్మ అని పేరు పెట్టారు. గాలి ఎంత మిగిలిందో అది చెబుతుంది. నీలవేణి లోపలికొచ్చేసరికి బుల్లెమ్మ "నాలుగు నిమిషాలు" అంటోంది.

అందరూ నవ్వారు. నీలవేణి కూడా నవ్వింది. "నా కాలు నీ కాలంత కాదొదినా!" అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మేడమ్ ఎవరిముందూ ఏమీ అనలేదు. తర్వాత నా గదికి వచ్చారు.

"ఆ కాలితో చేసింది ఏంది పోలమ్మా?"

గొప్పగా చెబుదామని మొదలుపెట్టాను. సగంలో నా గొంతు నాకే బాగా అనిపించలేదు.

"కాలు బెణికితే?" అన్నారు.

"జోడీ మనిషి తన్నుతాడండి."

"జోడీ మనిషికే దెబ్బ తగిలి, నీలవేణి ఒక్కతే మోసుకొస్తుంటే?"

ఆవిడ పది లెక్కపెట్టారు. ఆవిడ లేచి, "ఆ తలుపు బాగాలేదని పైకి ఒక్క మాట కూడా రాలేదు. రాసుంటే ఆరేళ్ళ కిందే మార్చిపోయేవాళ్ళు," అని వెళ్ళిపోయారు.

ఆవిడ మీద చాలా కోపం వచ్చింది. నిజం చెప్పినవాళ్ళ మీద వచ్చే కోపం అదే అని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

పదిహేడో రోజు

రోజంతా మూడో తలుపు వాడొద్దని నా జట్టుకి చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. నేనే నేర్పి, నా పేరు పెట్టుకుని, ఇప్పుడు నేనే వద్దంటే నా ముఖం ఏమవ్వాలి? నీలవేణి మాత్రం పొద్దున్నుంచీ గోడని తన్నుతూ సాధన చేస్తోంది. మడమ కమిలిపోయింది. "రేపటికి వచ్చేత్తాదిలే వదినా, నీ పేరు నిలబెడతాను," అంది.

ఆ మాటతో తేలిపోయింది. దానికి ఆ తన్ను రాకూడదు. ఎవరికీ రాకూడదు.

కానీ చెప్పేది ఎక్కడ? దిగేముందు చెబితే ఎవరూ వినరు, ఉన్న నమ్మకం కూడా పోతుంది.

పద్దెనిమిదో రోజు

చోటు దొరికింది. ఇన్నాళ్ళూ నా ముక్కు కిందే ఉంది.

తిరిగొచ్చాక అందరం కడుగుడు చావడిలో కూర్చుంటాం. ఒంటి తొడుగులకి పట్టిన ఉప్పు వదిలేదాకా మంచినీళ్ళతో కడిగి, పీచుతో తోమాలి. గంట పని. టీ తాగుతూ, తోముతూ, అక్కడ మావాళ్ళు మాట్లాడని మాటంటూ ఉండదు. ఇవాళ చేతులు కదుపుతూనే చెవులు అటు పెట్టాను. "కొడవలి జారి తొడ మీదికొచ్చీసింది, సచ్చేననుకున్నా" అని ఒకరు. "రెండో తాడు పుచ్చిపోనాది, ఎప్పుడో తెగుద్ది" అని ఇంకొకరు. "ఐదు తన్నులు తన్నితే గానీ రానేదు" అని అప్పన్న మావ. అన్నీ నవ్వుకుంటూనే. గంగమ్మ దగ్గర్నుంచి క్షేమంగా వచ్చేశాక ఏ మాటైనా అనొచ్చు. దిగేముందే అనకూడదు.

పుస్తకం ఖాళీగా ఉంది గానీ మావాళ్ళ నోళ్ళు ఖాళీగా లేవు. మనం తప్పు వేళకి అడుగుతున్నాం.

పరిగెత్తుకెళ్ళి మేడమ్‌కి చెప్పాను. ఇవాళ వచ్చినవాళ్ళు చెప్పాలి, బోర్డు మీద రాయాలి. రేపు దిగేవాళ్ళు నోరు మెదపక్కర్లేదు, చదువుకుని దిగితే చాలు. ఆచారానికి ఆచారం ఉంటుంది, పనికి పని అవుతుంది.

మేడమ్ కుర్చీలోంచి లేచి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఇరవై ఏళ్ళలో నాకు తట్టలేదు ఇది. రేపు నువ్వే నడుపు. నేను జోడు."

గర్వంగా ఉందని రాయడానికి సిగ్గుపడను. చాలా గర్వంగా ఉంది. కానీ రేపు మొదట చెప్పాల్సింది నా తప్పే.

పంతొమ్మిదో రోజు

కడుగుడు చావడి. యాభై రెండు మంది. మేడమ్ ఒక తొడుగు తీసుకుని, అందరితో పాటు తోముతూ మూలన కూర్చున్నారు. ముఖాలు చూస్తున్నారని నాకు ఒక్కదానికే తెలుసు.

బోర్డు మీద రెండు గళ్ళు గీశాను. జరగడానికి వీలెంత, ఒకటి నుంచి ఐదు. జరిగితే దెబ్బెంత, ఒకటి నుంచి ఐదు. రెండూ గుణించాలి. ఇరవై, ఆ పైన వస్తే ఆ పని ఆపెయ్యాలి. ఆ అధికారం అడుగూరులో ఎవరికైనా ఉంది. ఎప్పుడూ ఎవరూ వాడలేదు.

"మూడో తలుపు పాడైపోనాది. ఆరేళ్ళ నుంచి పాడయ్యే ఉంది. నాకు తెలుసు. నేను సెప్పనేదు. తన్నడం కనిపెట్టి, అది గొప్పనుకుని, మీ అందరికీ నేర్పేను. మొన్న నీలకి నాలుగు నిమిషాల గాలే మిగిలింది. తప్పు దాని కాలుది కాదు. నాది."

చావడిలో పీచుల చప్పుడు ఆగిపోయింది.

"ఇప్పుడు మీరు సెప్పండి. దీనికెంత?"

నోరు మూసుకున్నాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు దగ్గర నాలుక దురద పెట్టింది. ఐదు. నీలవేణి తల దించుకుంది. ఆరు. నా జట్టువాళ్ళు అప్పన్న మావ వైపు చూస్తున్నారు. ఏడు. మావ తొడుగు కింద పెట్టాడు.

"ఆ తలుపు మూసీస్తే రెండో తలుపు నుంచి సుట్టు తిరిగి ఎల్లాలి. పోను అరగంట, రాను అరగంట. తలుపంచుకి కొత్త రబ్బరు వొచ్చీది పడవొచ్చాకే. పదిహేను రోజులు. ఎవులు తిరుగుతారే?" అన్నాడు.

నేను జవాబు చెప్పబోయాను. మేడమ్ మూల నుంచి చిన్నగా తల అడ్డంగా ఊపారు, వద్దని. ఎనిమిది.

"మొన్న ఐదు తన్నేను," అన్నాడు మావ, ఈసారి నాతో కాదు, తనలో తనే. "రెండో తన్నుకే మోకాలు పట్టీసింది. ఆ పిల్ల ముందు సెప్పుకోలేక తన్నేను. ఇంకోటి తన్నాల్సొస్తే నా వల్ల అయ్యీది కాదు."

కుడిచెయ్యి ఎత్తి ఐదు వేళ్ళూ చాపాడు. తర్వాత ఎడమ చెయ్యి కూడా ఎత్తి ఐదు వేళ్ళూ చాపాడు.

ఒక్కొక్కళ్ళూ ఎత్తారు. నావీ కలిపి నూటనాలుగు చేతులు ఉప్పునీళ్ళు కారుతూ లేచాయి. ఐదు, ఐదు. ఇరవై ఐదు. నేనే వెళ్ళి మూడో తలుపుకి ఎర్ర తాళం వేశాను. తిరిగొచ్చేసరికి బోర్డు దగ్గర తోపులాట. కొడవలి, పుచ్చిన తాడు, జారే మెట్టు, మెట్లమీద వెలగని దీపం. ముప్పై రెండు అపాయాలు రాశాం ఆ సాయంత్రం. సుద్దముక్క అయిపోతే మేడమ్ తన సంచీలోంచి ఇంకోటి తీసిచ్చారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, అడిగితే ఉప్పు పడిందన్నారు.

నలభై ఏళ్ళు దాటాక మనిషి ఇంత సంతోషపడొచ్చని నాకు తెలియదు.

ముప్పై నాలుగో రోజు

పడవ కొత్త రబ్బరూ, ఇద్దరు మరమ్మతువాళ్ళనీ తెచ్చింది. మేడమ్‌ని తీసుకుపోయింది. వెళ్ళేముందు నా శిక్షణ కాగితం మీద సంతకం పెట్టి, కింద రెండు వాక్యాలు రాశారు: 'మాటలు ఇంకా తగ్గించాలి. ధైర్యం పెంచక్కర్లేదు.' దాన్ని మెచ్చుకోలు పత్రాల పక్కన తగిలించమని జట్టువాళ్ళు గోల చేశారు. ఆ పాత పత్రాలన్నీ తీసేసి దీన్నొక్కదాన్నే తగిలించాను.

ముప్పై ఆరో రోజు

మూడో తలుపు ఊడదీశారు. రబ్బరు ఉబ్బిపోయింది, అది పూటలో మార్చే పని. కానీ మరమ్మతు మనిషి నన్ను పిలిచి, తలుపుని చట్రానికి పట్టి ఉంచే కింది బందు చూపించాడు. ముప్పావు వంతు చీలిపోయి ఉంది. చీలిక లోపల తుప్పు పట్టింది, అంటే కొత్తది కాదు.

"ఏదో ఒకే చోట మళ్ళీ మళ్ళీ తగిలింది అక్కా. ఇంకెన్ని దెబ్బలు ఆగేదో చెప్పలేను. అది ఊడుంటే తలుపు అడ్డంగా ఇరుక్కునేది, ఇటూ రాదు అటూ పోదు. తడిగదిలో మనిషుంటే అంతే," అన్నాడు.

దెబ్బ తగిలిన చోట నా మడమ పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. ఆరేళ్ళు, రోజుకి నలభైమంది, నేను నేర్పిన చోటే, నేను నేర్పినట్టే తన్నారు. నేను నేర్పడంలో అంత దిట్టని మరి.

ఆ బందుని చావడికి మోసుకొచ్చి అందరి మధ్యా పెట్టాను. అప్పన్న మావ వేలితో చీలిక తడిమి, "సుట్టు తిరగడం మంచిదే అయినాది," అన్నాడు.

నలభై ఒకటో రోజు

నాకు ఇప్పుడు జోడు అప్పన్న మావ. ముఖాలు చూడమంటే పోలీసువాడిలా ఒక్కొక్కళ్ళనీ ఉరిమి చూస్తాడు. నేర్చుకుంటాడులే. నేను నేర్చుకోలేదూ?

ఇవాళ కొత్తవాళ్ళు మొదటిసారి పూర్తి కోతకి దిగి వచ్చారు. నీలవేణి మూడో తలుపు ఒంటి చేత్తో నెట్టి లోపలికి అడుగుపెట్టడం గాజులోంచి చూశాను. తర్వాత చావడిలో అందరూ కూర్చున్నాక, "ఇవాళ ఏం సూసేరు?" అని అడిగి లెక్క మొదలుపెట్టాను. మూడు కూడా కాలేదు. నీలవేణి లేచి నిలబడింది. మెడ దాకా ఎర్రబడింది.

"వదినా, నువ్వు దిగీవోళ్ళు సదివీ బోర్డు తడిగది గుమ్మం కాడ పెట్టీసినావు. అక్కడికొచ్చీసరికి అందరం శిరస్త్రాణం తగిలించీసుకుంటాం. ఆవిరి పట్టీసి ఒక్క అక్షరం కనబడదు. నాను సదవకుండానే దిగీసేను. నానొక్కదాన్నే కాదు, సగంమంది అంతే. నీకు సెప్పడానికి బయపడిపోతన్నారు."

వదినని యాభైమందిలో తప్పు పట్టడం మా ఇళ్ళల్లో జరిగే పని కాదు. నేను చూసుకోలేదు. చావడి బోర్డులోవి గంటసేపు కష్టపడి ఎత్తిరాసిన రెండో బోర్డు, నేనే కొలిచి, నేనే మేకు కొట్టి, అందరికీ కనబడుతుందని మురిసిపోయిన చోటు. అప్పన్న మావ నా ముఖం చూస్తున్నాడు, మొదటిసారి ఉరమకుండా.

"వీలెంత?" అన్నాను.

"ఐదు," అంది.

"దెబ్బ?"

"నాలుగు."

ఇరవై. పని ఆపాల్సిన లెక్క. సుద్దముక్క తీసుకుని చావడి బోర్డు మీద నేనే రాశాను: కొత్త అపాయం, పోలమ్మ బోర్డు తప్పుచోట పెట్టింది. అక్షరాలు పెద్దవిగా రాశాను, వెనకవాళ్ళకి కూడా కనబడాలని. గుమ్మం దగ్గరి బోర్డు చోటు మార్చేదాకా రేపు ఎవరూ దిగరని చెప్పాను. తర్వాత దాని ఫోటో తీసి మేడమ్‌కి పంపించాను. కింద ఒక్క మాటే రాశాను: చూశారా మేడమ్, మావాళ్ళు నన్ను కూడా వదల్లేదు.